వినుకొండ బిడ్డ, బడిపంతులు జాషువా గారు

మన వినుకొండ వారికి గుర్రం జాషువా గారిని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. సెప్టెంబరు 28 వచ్చిందంటే జయంతి సభలు జరుగుతాయి, పద్యాలు పాడతారు, దండలు వేస్తారు. అయితే ఆ సభల్లో మనం ఆయనను మహాకవిగానే తలచుకుంటాము. ఆయన చాలా ఏండ్లు సంసారాన్ని ఈదింది బడిపంతులు జీతం మీద అన్న సంగతి మాటవరసకు వచ్చి పోతుంది. మన కుటుంబాలలో పంతులు పనికి శిక్షణ పొందుతున్న పిల్లలు ఉన్నారు. ఆడపిల్లలూ ఉన్నారు. ముఖ్యంగా వాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. ముస్లిముల సంచికలో జాషువా గారి ముచ్చట ఏమిటి అని ఎవరైనా అడిగితే, దానికి జవాబు చివరలో వస్తుంది.

ఆయన 1895లో పుట్టినారు. తండ్రి వీరయ్య గారు యాదవులు, తల్లి లింగమ్మ గారు మాదిగ కులస్థురాలు, కుటుంబం క్రైస్తవం. ఆ కాలంలో అటువంటి ఇంటి పిల్లవాడు బడికి పోవడమంటే చదువు కంటే ముందు అవమానం నేర్చుకోవడమే. తోటి పిల్లలు దూరం పెట్టేవారు. చదువు చెప్పవలసిన పంతుళ్ళే చిన్నచూపు చూసేవారు. బడి మానేసే పిల్లలను గురించి మనం మాట్లాడుకున్నప్పుడల్లా పేదరికం అంటాము, దూరం అంటాము. అవి నిజమే. కాని తరగతిలో ఒక్క మాటతో మనసు విరిగి మానేసిన పిల్లవాడి లెక్క ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. జాషువా గారు మానలేదు. ఎందుకు మానలేదో చెప్పడం కష్టం. దీపాల పిచ్చయ్యశాస్త్రి గారి వంటి స్నేహితుడు దొరకడం ఒక కారణం అనుకుంటాము. ఇద్దరూ జంటకవులుగా రాయాలని కూడా చూసినారట. రెండు పేర్లూ జంటగా అతకలేదని మానుకున్నారట!

మరొక కారణం జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు. ఆ రోజుల్లో సంస్కృతం ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్న కట్టుబాటు ఎంత గట్టిదో పెద్దలకు తెలుసు. అట్లాంటప్పుడు ఆయన ఈ పిల్లవాడికి మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం పాఠం చెప్పినారు. చిన్నచూపు చూసిన పంతుళ్ళ పేర్లు ఈనాడు ఎవరికీ తెలియవు, శాస్త్రిగారి పేరు మాత్రం జాషువా గారి కథ చెప్పిన ప్రతిచోటా వస్తుంది. తరువాత జాషువా గారు ఉభయభాషాప్రవీణ కూడా అయినారు. ఆ మేఘసందేశం పాఠం ఊరికే పోలేదు. 1941లో వచ్చిన గబ్బిలం కావ్యానికి నమూనా అదే. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపితే, జాషువా గారి కథలో తంజావూరు పేద అరుంధతీ సుతుడు తన మొరను కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అంతకంటే ఏం చెప్పాలి?

ఇక ఉద్యోగం సంగతి. 1910లో మేరీ గారితో పెళ్ళి అయింది. మిషను బడిలో పని దొరికింది, జీతం నెలకు 3 రూపాయలు. అదీ నిలవలేదు. పొట్ట చేతబట్టుకొని రాజమండ్రి పోయి 1915-16లో సినిమా వాచకుడుగా చేసినారు. అప్పటి సినిమాలకు మాట లేదు గదా. తెర మీద బొమ్మ ఆడుతుంటే కథనూ సంభాషణలనూ పైకి చదివి జనానికి వినిపించడం ఆ పని. చదువురాని జనానికి అర్థమయ్యేలా చెప్పడం ఆయన అక్కడ కూడా కొంత అలవరచుకొని ఉంటారని మా ఊహ. తరువాత గుంటూరులో లూథరన్ మిషను వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేండ్లు పని చేసినారు. అంటే చిన్నప్పుడు పంతుళ్ళ చేత అవమానపడిన మనిషి పంతుళ్ళను తయారు చేసే చోటికి చేరినాడన్నమాట. 1928 నుండి 1942 వరకు అదే గుంటూరులో తెలుగు పండితుడుగా ఉన్నారు. పేరు తెచ్చిన పుస్తకాలు చాలావరకు ఆ బడి ఉద్యోగం చేస్తూ రాసినవే.

అవమానాలు మాత్రం తగ్గలేదు. మన వినుకొండలోనే ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఇతన్ని లోపలికి ఎవరు రానిచ్చారని గొడవ చేసినారు. క్రైస్తవుడై ఉండి పురాణాల జోలి ఏమిటని తనవారిలోనూ కొందరు కినుక వహించినారు. ఆయన రెండు వైపులకూ సమాధానం పద్యంలోనే చెప్పినారు. చివరకు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు తమ చేత్తో ఆయన కాలికి గండపెండేరం తొడిగినారు. 1964లో శాసనమండలి సభ్యత్వం, అదే ఏడు క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ వచ్చినవి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూసినారు.

ఇప్పుడు మొదట చెప్పిన జవాబు. మన ఇండ్లలో షానామా పేరు విన్నవారు ఉన్నారు, అది రాసిన కవి గోడు తెలిసినవారు తక్కువ. 1932లో జాషువా గారు పిరదౌసి కావ్యం రాసి ఆ కథను తెలుగు ఇండ్లకు తెచ్చినారు. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని గజనీ సుల్తాను మాట ఇచ్చినాడని, కవి ఏండ్ల తరబడి రాసి ముగించేసరికి వెండితో సరిపెట్టినాడని ఆ పాత కథ చెబుతుంది. సుల్తాను పశ్చాత్తాపపడి బంగారం పంపేసరికి కవి శవం బయలుదేరింది. కూతురు ఆ సొమ్ము ముట్టలేదు. ముంతాజ్ మహలు కథనూ ఆయన కావ్యంగా రాసినారు. మన మతం కాదు, మన కులం కాదు. చేసిన కష్టానికి మాట తప్పితే ఎట్లా ఉంటుందో 3 రూపాయల జీతగాడికి వేరొకరు చెప్పనక్కరలేదు.

ఆ 1932లోనే ఆయనకు హేమలత పుట్టింది. ఆడబిడ్డను చదివించినారు. ఆమె గోరా గారి కుమారుడు లవణం గారిని పెండ్లాడి, దొంగల ఊరని ముద్ర పడిన స్టువర్టుపురంలో ఆయనతో కలిసి ఏండ్ల తరబడి పని చేసింది. తరువాత నిజామాబాదు వైపు జోగినుల మధ్యకు పోయింది. 2008లో చనిపోయేవరకు ఆ సేవను విడువలేదు.