ఎస్.వి. రంగారావు

ఎస్.వి. రంగారావుగా ప్రసిద్ధుడైన సామర్ల వెంకట రంగారావు (జూలై 3, 1918 - జూలై 18, 1974) సుప్రసిద్ధ తెలుగు సినిమా నటుడు, దర్శకుడు. పురాణ, జానపద చిత్రాలలో ప్రతినాయక పాత్రలకు పెట్టింది పేరు. రావణుడు, కీచకుడు, హిరణ్యకశిపుడు, కంసుడు వంటి పాత్రలను ఎవరు బాగా పోషించారన్న చర్చ తెలుగు ప్రేక్షకులలో ఎప్పుడు వచ్చినా ఈయన పేరు తప్పక వినబడుతుంది.

బాల్యం, విద్యాభ్యాసం

రంగారావు కృష్ణా జిల్లా నూజివీడులో (2022 నుండి ఏలూరు జిల్లా) లక్ష్మీ నరసాయమ్మ, కోటేశ్వరరావు దంపతులకు జన్మించాడు. మద్రాసులో నాయనమ్మ వద్ద పెరిగాడు. కాకినాడలో చదువుకునే రోజులలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో నటించాడు. అంజలీదేవి, ఆదినారాయణరావు, కోనసీమలోని రావులపాడులో పుట్టిన రేలంగి వెంకట్రామయ్య కూడా ఆ సంస్థలో పనిచేసినవారే. పట్టభద్రుడైన తరువాత కొంతకాలం అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశాడు.

సినిమా రంగ ప్రవేశం

రంగారావు మొదటి చిత్రం బి.వి. రామానందం దర్శకత్వంలో వచ్చిన వరూధిని. అందులో ప్రవరుని పాత్ర ధరించాడు. చిత్రం విజయవంతం కాకపోవడంతో అవకాశాలు రాలేదు. జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా సంస్థలో ఉద్యోగంలో చేరాడు. పల్లెటూరి పిల్ల (1950) చిత్రంలో ప్రతినాయక పాత్రకు పిలుపు వచ్చిన సమయంలోనే తండ్రి మరణించాడు. సకాలంలో మద్రాసు చేరలేకపోవడంతో ఆ పాత్ర మరొకరికి దక్కింది. రంగారావు చిన్న వేషంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అదే సంవత్సరం విడుదలైన షావుకారులో సున్నం రంగడుగా గుర్తింపు పొందాడు. 1951లో కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన పాతాళ భైరవిలో నేపాళ మాంత్రికుని పాత్రతో అగ్రశ్రేణి నటుడయ్యాడు.

ప్రతినాయక పాత్రలు

తెలుగులో తొలి పూర్తి నిడివి టాకీ అయిన భక్త ప్రహ్లాద (1932)లో హిరణ్యకశిపుని పాత్రను మునిపల్లె సుబ్బయ్య, 1942 నాటి భక్త ప్రహ్లాదలో వేమూరి గగ్గయ్య పోషించారు. వీరిద్దరూ రంగస్థలం నుండి వచ్చినవారు. పద్యాన్ని రాగయుక్తంగా పాడగలగడం ఆనాటి నటులకు ప్రధానమైన అర్హత. 1967లో ఎ.వి.ఎం. వారు నిర్మించిన భక్త ప్రహ్లాద నాటికి నేపథ్యగానం స్థిరపడింది. అందువలన రంగారావు చూపు, నడక, సంభాషణల విరుపు మీద దృష్టి నిలపగలిగాడు. ఆయన హిరణ్యకశిపునిలో విష్ణుద్వేషంతో పాటు, కన్నకొడుకును దండించవలసి వచ్చిన తండ్రి వేదన కూడా కనిపిస్తుంది.

రావణ పాత్ర విషయంలో పోలిక సాధారణంగా ఎన్.టి. రామారావుతో ఉంటుంది. భూకైలాస్ (1958), సీతారామ కళ్యాణం (1961) చిత్రాలలో రామారావు రావణుని శివభక్తిని, పాండిత్యాన్ని ప్రముఖంగా చూపాడు. బాపు దర్శకత్వంలోని సంపూర్ణ రామాయణం (1972)లో రంగారావు రావణుడు సీతను అపహరించిన లంకాధిపతి. అక్కడ అతని దర్పం, కామం, పతనం ముఖ్యం. రెండింటిలో కథలు వేరు, కథలో రావణుని స్థానం వేరు. కాబట్టి ఒకరిని ఎక్కువ, మరొకరిని తక్కువ అనడం కంటె, రెండు వ్యాఖ్యానాలుగా చూడడం ఉచితం.

కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన నర్తనశాల (1963)లోని కీచకుడు రంగారావు నటనకు పరాకాష్ఠగా భావించబడుతున్నాడు. ఈ పాత్రకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడుగా బహుమతి లభించింది.

ఇతర పాత్రలు, దర్శకత్వం

రంగారావు కేవలం ప్రతినాయకుడు కాదు. బంగారు పాప (1955)లో పసిపాప మూలంగా మారిన కోటయ్యగా, మాయాబజార్ (1957)లో ఘటోత్కచునిగా చిరస్మరణీయుడయ్యాడు. చదరంగం (1967), బాంధవ్యాలు (1968) చిత్రాలకు దర్శకత్వం వహించాడు.

మరణం, స్మరణ

1974 జూలై 18న మద్రాసులో గుండెపోటుతో మరణించాడు. అప్పటికి వయస్సు 56 సంవత్సరాలు. ఆయన కంసునిగా నటించిన యశోద కృష్ణ మరణానంతరం 1975లో విడుదలైంది. 2013లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది. 2019లో తాడేపల్లిగూడెంలో ఆయన విగ్రహాన్ని నటుడు చిరంజీవి ఆవిష్కరించాడు.