తల వంచని కవి జాషువా

చోడవరం: మన పల్లెల బడుల్లో చదువుకున్న వారికి గుర్రం జాషువా పేరు కొత్త కాదు. తెలుగు వాచకాల్లో ఆయన పద్యాలు కంఠతా పట్టిన వారెందరో ఉన్నారు. అయితే ఆ పద్యాలు రాసిన మనిషి ఎన్ని అవమానాలు దిగమింగి తలెత్తి నిలిచారో తెలిసినవారు తక్కువ.

జాషువా 1895 సెప్టెంబరు 28న పల్నాటి సీమలోని వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య యాదవులు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. క్రైస్తవ కుటుంబం. బడిలో చేరిన నాటినుంచే అంటరానితనం ఆయనను వెంటాడింది.

వినుకొండలో ఒకసారి అవధాన సభ జరిగింది. యువకుడైన జాషువా అక్కడ తన పద్యాలు చదివారు. తక్కువ కులం వాడిని సభలోకి ఎవరు రానిచ్చారంటూ కొందరు గొడవ చేశారు. మనసు చితికి వెళ్లిపోతున్న ఆయనను పిసుపాటి చిదంబరశాస్త్రి అనే పండితుడు ఓదార్చారు. ఇద్దరూ కలిసి జంటగా అవధానాలు చేయాలనుకున్నారు. అదీ సాగలేదు.

అటు సొంతవారూ ఆదరించలేదు. హిందూ పురాణాలు చదువుతున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయనను దూరం పెట్టారు. మిషను బడిలో నెలకు 3 రూపాయల జీతంతో మొదలైన బతుకు అది. 1915-16లో రాజమండ్రిలో మూగ సినిమాలకు కథ చదివి వినిపించి పొట్టపోసుకున్నారు. తర్వాత గుంటూరులో లూథరన్ మిషను వారి శిక్షణ పాఠశాలలో పదేళ్లు పాఠాలు చెప్పారు.

రెండు వైపులా తలుపులు మూసుకున్నా జాషువా తనను తాను తక్కువ చేసుకోలేదు. 1941లో వెలువడిన ‘గబ్బిలం’ కావ్యంలో గుడిలోకి అడుగుపెట్టే హక్కులేని ఒక పేదవాడు తన గోడును గబ్బిలం చేత శివునికి చెప్పి పంపుతాడు. మనిషికి మూసిన గుడి తలుపు గబ్బిలానికి అడ్డు కాదు. కులం పేరిట మనిషిని గబ్బిలం కన్నా హీనంగా చూసిన సంఘాన్ని ఆ ఒక్క ఊహతో నిలదీశారు.

మత పెద్దలతో పేచీ పడినా క్రీస్తుపై ఆయన ప్రేమ చెరగలేదనడానికి 1958 నాటి ‘క్రీస్తు చరిత్ర’ కావ్యమే నిదర్శనం. పశువుల పాకలో పుట్టి, వడ్రంగి ఇంట పెరిగి, కుష్ఠురోగులను చేతితో తాకి, లోకం వెలివేసిన వారితో కలిసి భోజనం చేసిన వాని కథ అది. వెలివేత రుచి చూసిన కవి అరవై ఏళ్లు దాటాక ఆ కథను తెలుగు పద్యాల్లో పెట్టారు. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది.

చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి తన చేతులతో ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. మన విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదునిచ్చింది. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

బిరుదులు వచ్చాక జాషువా గొప్పవారు కాలేదు. సభలో అవమానించిన నాడు కూడా ఆయన అంతటివారే. దేవుడు చేసిన మనిషిని తక్కువ చేసే అధికారం మరో మనిషికి లేదన్న సంగతి ఆయన బతుకే చెబుతుంది. ఎదుటివారి చిన్నచూపును తమ విలువగా లెక్కగట్టుకుని కుంగిపోయే మన పిల్లలకు ముందుగా చెప్పవలసిన కథ ఇది.