మాయమైన సోంపేట నియోజకవర్గం - మరువలేని సర్దార్ లచ్చన్న

సోంపేట: ఒకప్పుడు సోంపేట అనగానే రాష్ట్రమంతటికీ గుర్తుకు వచ్చే పేరు సర్దార్ గౌతు లచ్చన్న. 2008 పునర్విభజనతో సోంపేట శాసనసభ నియోజకవర్గం రద్దయింది. 2004లో జరిగినవే దానికి చివరి సాధారణ ఎన్నికలు. సోంపేట మండలం ఇచ్ఛాపురంలో, మందస మండలం పలాసలో కలిశాయి. లచ్చన్న జీవితం నేటి యువతరం తెలుసుకోదగినది.

ఆయన 1909 ఆగస్టు 16న సముద్రతీర గ్రామమైన బారువలో గీత కులంలో జన్మించారు. విద్యార్థిగా ఉండగానే 1930లో ఉప్పు సత్యాగ్రహంలోకి దూకారు. 1940లో గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు వీర గున్నమ్మ బలైన రోజులవి. జమీందారీలపై జరిగిన ఆ పోరాటాల కాలంలో ఆచార్య రంగా శిష్యుడిగా లచ్చన్న రైతులను కూడగట్టారు.

మద్య నిషేధం వల్ల తాటిచెట్టునే నమ్ముకున్న గీత కార్మికుల కుటుంబాలు పస్తులు పడ్డాయి. వారి తరఫున ఆయన సత్యాగ్రహం నడిపారు. 1954 నవంబరులో ఇదే సమస్యపై అవిశ్వాస తీర్మానం వచ్చి, ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్రకేసరి అంతటి నాయకుని ప్రభుత్వాన్ని కూల్చారన్న నింద వచ్చినా లచ్చన్న వెనుకాడలేదు. 1955 ఎన్నికల అనంతరం బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు.

1967లో స్వతంత్ర పార్టీ తరఫున సోంపేట శాసనసభ స్థానంతోపాటు శ్రీకాకుళం లోక్‌సభ స్థానాన్ని కూడా గెలిచారు. అదే ఎన్నికలలో గురువు రంగా చిత్తూరులో ఓడిపోయారు. లచ్చన్న తన లోక్‌సభ స్థానాన్ని వదులుకొని, ఉప ఎన్నికలో రంగాను శ్రీకాకుళం నుంచి గెలిపించి ఢిల్లీకి పంపారు. తాను సోంపేట ప్రజల ప్రతినిధిగానే ఉండిపోయారు. చేతికి వచ్చిన పదవిని గురువుకు అప్పగించిన నాయకులు ఎందరుంటారు?

1978లో జనతా పార్టీ తరఫున మళ్లీ గెలిచి శాసనసభలో ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఆ తరువాతి కాలంలో ఆయన కుమారుడు శ్యామసుందర శివాజీ కూడా సోంపేట నుంచే శాసనసభకు వెళ్లారు.

2006 ఏప్రిల్ 19న లచ్చన్న కన్నుమూశారు. ఆ తరువాత మూడేళ్లకు జరిగిన ఎన్నికలలో సోంపేట స్థానమే లేకుండా పోయింది. నాగావళిపై తోటపల్లి బ్యారేజీకి ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది. ఎన్నికల జాబితాలో సోంపేట పేరు చెరిగిపోయినా, ఉద్దానం పల్లెల్లో సర్దార్ పేరు చెరగరాదు.