ధ్రువారణ్య ద్రష్ట ఓస్వాల్డ్ హేర్

ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఒకనాడు మహారణ్యాలుండేవని నిరూపించిన ఓస్వాల్డ్ హేర్ అక్కడ ఏనాడూ అడుగు పెట్టలేదు. 1809లో స్విట్జర్లాండులో జన్మించిన ఆయన క్రైస్తవ మతబోధకుడిగా దీక్ష పొంది కూడా, జ్యూరిక్‌లో వృక్షశాస్త్రాచార్యులై స్థిరపడ్డారు. ఊపిరితిత్తుల వ్యాధి ఆయనను బాధించింది. అన్వేషకులు గ్రీన్‌లాండ్ నుండి, స్పిట్స్‌బెర్గెన్ నుండి తెచ్చిన రాతిపలకలే ఆయన బల్లపైకి చేరేవి. వాటిపై అచ్చుపడిన ఆకుల ఈనెలను పరిశీలించి, 70 డిగ్రీల ఉత్తర అక్షాంశాన సెక్వోయా, అక్రోటు, మన సంపెంగకు బంధువైన మాగ్నోలియా పెరిగాయని నిర్ణయించారు. 1868 నుండి, కన్నుమూసిన 1883 వరకు, ఏడు సంపుటాలుగా వెలువడిన ‘ఫ్లోరా ఫోసిలిస్ ఆర్కటికా’ ఆ పరిశ్రమకు ఫలం.

కాలనిర్ణయంలో మాత్రం ఆయన పొరబడ్డారు. ఐరోపా శిలాజపత్రాలతో పోల్చి గ్రీన్‌లాండ్ ఆకులను మయోసీన్ యుగానికి చెందినవన్నారు. వాటిలో పెక్కు సుమారు ఆరు కోట్ల ఏండ్ల నాటివని తరువాత తేలింది. ఆకు రూపమొక్కటే ఆధారమైనప్పుడు ఇట్టి పొరపాటు వింత కాదు. పుప్పొడి సాక్ష్యం ఆయనకు అందలేదు. పుప్పొడి రేణువుల గణనతో పూర్వపుటడవులను గుర్తించే పద్ధతిని స్వీడన్ శాస్త్రజ్ఞుడు లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ ప్రకటించినది 1916లో.

హేర్ ఊహించిన వెచ్చదనం మాత్రం నిజమే. 2004లో ధ్రువ సముద్రగర్భాన్ని తొలచి తీసిన మట్టిలో, ఐదు కోట్ల ఏండ్లకు పైబడిన పొరలో, తాటి కుటుంబపు పుప్పొడి లభించింది. గడ్డకట్టే చలికి ఆ చెట్లు తాళలేవు.