మేరీ స్లెసర్ ఇంటి ఉయ్యాలలు

1848లో స్కాట్లండులో పుట్టిన మేరీ స్లెసర్, తండ్రి తాగుడువల్ల 11 ఏళ్లకే డండీ మిల్లులో పనికి కుదిరారు. 1876లో మిషనరీగా ఇప్పటి నైజీరియాలోని కాలబార్ చేరారు.

అక్కడి పల్లెల్లో కవలలు పుడితే కీడని నమ్మి, పసికందులను అడవిలో వదిలేసేవారు. ఈ సంగతి మన సంఘాల్లో చాలామంది విన్నదే. బాలింతను కూడా ఊరి నుండి వెళ్లగొట్టేవారన్నది మాత్రం అంతగా వినిపించదు. పురుడు పోసుకున్న ఒంటితో, తిండీ నీడా లేక ఆమె అడవి పాలయ్యేది.

కవలలు తరచుగా నెలలు నిండకముందే, 2.5 కిలోల లోపు బరువుతో పుడతారు. తల్లి పాలు, ఒంటి వెచ్చదనం దూరమైతే అలాంటి బిడ్డ దక్కడం కష్టం. స్లెసర్ ఇంటికి తెచ్చుకున్నది అటువంటి వారినే. మంచం చుట్టూ ఉయ్యాలలు కట్టి, రాత్రి ఎవరు ఏడ్చినా పడుకున్న చోటినుండే తాడు లాగి ఊపేవారట. కొందరు దక్కలేదు. దక్కిన వారిలో జేనీ అనే ఆడబిడ్డను 1883లో స్కాట్లండుకు వెంట తీసుకెళ్లారు.

తల్లులకూ ఆశ్రయమిచ్చారు. 1888 నుండి ఒకోయాంగ్ ప్రజల మధ్యనే కాపురముండి, ఆ స్త్రీలను తిరిగి ఇంట్లోకి రానిమ్మని భర్తలకు నచ్చజెప్పేవారు. బిడ్డను ఎత్తుకు రావడంకన్నా ఇదే కష్టమైన పరిచర్య అని మేమనుకుంటాము.

1915 జనవరి 13న ఆమె కన్నుమూసినప్పుడు జేనీ మంచం ప్రక్కనే ఉంది.