లేని దేశపు ఆచారములు: కందుకూరి వీరేశలింగము పంతులుగారు

భాద్రపద శుద్ధ తదియనాడు ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు సువాసినులు పుట్టినింటికి వచ్చి, మంచినీరైనను ముట్టక తీజా వ్రతమును సలుపుదురు. నెలన్నర గడచి ఆశ్వయుజ బహుళ తదియ రాగానే తెలుగు వనితలు అట్లతద్ది నోచుకొందురు. తీజయు, తద్దియు తృతీయా శబ్దమునుండి పుట్టిన అక్కచెల్లెండ్రు. నాగపూరునుండి ఆసనసోలు వరకు వేసిన బెంగాలు నాగపూరు రైలుమార్గము 1891లో బిలాస్‌పూరు మీదుగా పూర్తియైన పిదప, ఆ మార్గమును నమ్ముకొని తెలుగు కుటుంబములు ఇచట స్థిరపడెను. ఈ రెండు తదియలును ఒకే ఊరిలో చేరెను.

రెండు వ్రతములలోను ఉపవసించునది స్త్రీయే. కోరుకొనునది మంచి భర్తను, లేదా ఉన్న భర్తకు ఆయురారోగ్యములను. భార్య క్షేమమునకై భర్త పస్తుండు తదియ యేదియు పంచాంగములో లేదు. ఎందువలన లేదని అడుగువారు అరుదు. నిత్యము చూచుచున్న ఆచారము కంటికి ఆనదు. దానిని కంటికి ఆనునట్లు చేయుటకై లేని దేశమొకదానిని కల్పించి, మన ఆచారములనే అందు తలక్రిందులుగా నిలిపి చూపిన రచయిత కందుకూరి వీరేశలింగము పంతులుగారు.

ఆయన 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరములో జన్మించెను. తల్లి పున్నమ్మ, తండ్రి సుబ్బారాయుడు. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని కోల్పోయి, పెదతండ్రి ఆదరమున పెరిగెను. దేహము మొదటినుండియు దుర్బలము. కాసరోగము జీవితమంతయు వెంటాడెను. ఆనాటి మర్యాద ననుసరించి బాల్యముననే బాపమ్మతో వివాహమయ్యెను. ఆమెయే తరువాత రాజ్యలక్ష్మమ్మగా తెలుగుదేశమునకు తెలిసెను. బాల్యవివాహమును జీవితాంతము నిరసించిన మనుష్యుడు తానే బాల్యవివాహితుడు. తాను ఖండించిన ఆచారమును ఆయన పుస్తకములలో చదివి తెలిసికొనలేదు, అందులోనే పెరిగెను.

కోరంగి, ధవళేశ్వరములలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, రాజమహేంద్రవరములో తెలుగు పండితుడయ్యెను. 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించెను. ఆ సంవత్సరమే ధవళేశ్వరములో బాలికలకు పాఠశాల నెలకొల్పెను. పత్రికలో లంచములు, వేశ్యాగమనము, బాల్యవివాహములు, కన్యాశుల్కము మున్నగువాటిని పేరుపెట్టి విమర్శించెను. బ్రాహ్మవివాహము వంటి ప్రహసనములలో వృద్ధుడు పసిపిల్లను పెండ్లాడు వింతను నవ్వులపాలు చేసెను. 1878లో రాజశేఖర చరిత్రమును ప్రకటింప మొదలిడెను. గోల్డుస్మిత్తు నవలనుండి స్ఫూర్తిని గైకొన్నను, అందలి గృహము, అందలి జ్యోతిష్కులు, స్వర్ణయోగము పేర మోసగించు బైరాగులు మన గోదావరితీరపు వారే.

ఐనను వ్రాతతోనే తృప్తిపడు స్వభావము ఆయనది కాదు. 1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరములో ఆయన తొలి వితంతు వివాహమును జరిపించెను. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయ మొనర్చిరి. పెండ్లియింట విద్యార్థులు అండగా నిలిచిరి. వీధిలో పోలీసులు కావలి కాసిరి. తెలుగువారి యింట పెండ్లి యనగా ఊరంతకును పండుగ. ఈ పెండ్లికి మాత్రము ఊరు పగయై నిలిచెను. కులమువారు వెలివేసిరి. వంటవారు మానిరి, నీరు మోయువారు మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి పోయి బిందెలతో నీరు తెచ్చి, వచ్చిన వారికందరికి వండి పెట్టెను. బంధువులు విడిచిన బాలవితంతువులు ఆ యింటనే తలదాచుకొనిరి. పంతులుగారి పేరు పత్రికల కెక్కినది. ఆ కార్యము నిలిచినది రాజ్యలక్ష్మమ్మగారి భుజముల మీద.

ఇంతటి పోరాటము గడచిన పదియేండ్లకు, 1890వ దశకపు తొలి యేండ్లలో, ఆయన సత్యరాజా పూర్వదేశ యాత్రలను వ్రాసెను. ఆంగ్ల రచయిత స్విఫ్టు 1726లో గలివరు యాత్రలను ప్రకటించి, గ్రుడ్డును ఏ కొనయందు పగులగొట్టవలెనను విషయమై యుద్ధములు చేసికొను మరుగుజ్జులను కల్పించెను. ఆ వెర్రి కలహమును చూచి నవ్విన ఆంగ్లేయుడు కొంతసేపటికి అది తన దేశపు మతకలహమే యని గ్రహించి సిగ్గుపడవలసి వచ్చెను. పంతులుగారు ఆ మార్గమును గ్రహించిరి. సరుకును మాత్రము స్వదేశమునుండియే తెచ్చిరి.

కథానాయకుడు సత్యరాజాచార్యులు ఆడుమళయాళమను దేశమును చేరును. అచట అధికారము స్త్రీలది. పురుషులు ఘోషాలో నుందురు. వారికి చదువు చెప్పుట అనర్థమని పెద్దల నిశ్చయము. పురుషునకు పరమధర్మము పత్నీవ్రత్యము. భార్య మరణించినచో భర్త మరల పెండ్లాడరాదు. సహగమనము చేసినచో పుణ్యాత్ముడగును. రెండవ భాగములో కథ లంకాద్వీపమునకు సాగి, అచటి మహాకాయుల నడుమ వేరొక తీరున మన మూఢవిశ్వాసములనే పరిహసించును.

ఇందు ఆయన కల్పించినది మిక్కిలి స్వల్పము. ఘోషాయు, విద్యానిషేధమును, పునర్వివాహ నిషేధమును, సహగమనమును, వాటిని సమర్థించు వాదములును అన్నియు ఉన్నవే. పతి యనుచోట పత్ని యని చేర్చెను, అంతియే మార్పు. పాతివ్రత్యమను మాటను వినినప్పుడు తల వంచి నమస్కరించు పాఠకుడు, పత్నీవ్రత్యమను మాట వినినంతనే నవ్వును. ఒకటి పవిత్రముగను, రెండవది వింతగను తోచుటకు కారణమేమి? న్యాయము రెంటను ఒక్కటియే కదా! ఈ ప్రశ్నను పంతులుగారు వేయలేదు; పాఠకుడే తన నవ్వు చల్లారిన పిమ్మట వేసికొనవలెను. వివేకవర్ధనిలోని వ్యాసమునకు విరోధి ప్రతివ్యాసము వ్రాయగలడు. తన నవ్వునకు తానే ప్రతివ్యాసము వ్రాయుట కష్టము.

అయితే ఈ యుపాయములో ఒక ప్రమాదమును కలదు. స్త్రీలు రాజ్యమేలుటయే హాస్యాస్పదమని భావించి, అంతటితో పుస్తకమును మూయు పాఠకుడు ఆనాడును ఉండును, ఈనాడును ఉండును. అద్దము ఎదుట నిలిచినవాడు తన ముఖమును చూచుకొనక అద్దపు చట్రమును చూచి పోవచ్చును. ఆ ప్రమాదమునకు సమాధానము గ్రంథములో లేదు; గ్రంథకర్త జీవితములో నున్నది. ఆడుమళయాళమును వ్రాయుటకు ముందే ఆయన పాఠశాలను పెట్టెను, పెండ్లిండ్లను చేయించెను, వెలిని భరించెను. కనుకనే ఆ హాస్యము ఊరక కూర్చుండి లోకమును ఎత్తిపొడుచువాని హాస్యము కాదు.

1898లో మదరాసున జరిగిన భారత సాంఘిక మహాసభకు ఆయన అధ్యక్షత వహించెను. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, సంతానము లేని తన ఆస్తిని దానికి సమర్పించెను. ఆంధ్ర కవుల చరిత్రమును, స్వీయచరిత్రమును తెలుగువారికి ఒసగెను. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. ఆ తరువాత తొమ్మిదేండ్లకు, 1919 మే 27వ తేదీన, పంతులుగారు మదరాసులో కన్నుమూసిరి.

దేశాంతరమునకు పోయిన సత్యరాజునకు కల్పనలో కలిగిన అనుభవము, స్వస్థలమును విడిచి వచ్చిన తెలుగువారికి రైలు కాలనీలో నిజముగనే కలుగును. పొరుగింటి తీజాను చూచినప్పుడు తన యింటి అట్లతద్ది గుర్తునకు వచ్చును. అట్ల రుచితోపాటు, ఉపవాసము సగము పంచుకొనవలసినవాడు ఎచటనున్నాడను ప్రశ్నయు వచ్చును. పండుగను మానుమని ఆ ప్రశ్న చెప్పదు. వచ్చు తదియనాడు తెల్లవారుజామున లేచి, నోచుకొను ఇల్లాలికంటె ముందుగా నీటి బిందెను భర్త యెత్తుకొన్నచో, ఆడుమళయాళమును వ్రాసిన పంతులుగారి ఋణమును, గోదావరినుండి నీరు మోసిన రాజ్యలక్ష్మమ్మగారి ఋణమును కొంత తీరును.