పుట్టుకతో పడిన దొంగ ముద్రపై పోరాడిన నెల్లూరు లాయరు వెన్నెలకంటి రాఘవయ్య

మన పల్లెల్లో ఎవరినైనా తిట్టాలంటే కేడీ అనడం మామూలే. సినిమాల్లో కూడా ఆ మాట ఎన్నోసార్లు విన్నాం. అది తెలుగు మాట కాదు. మద్రాసు రాజధాని రోజుల్లో పోలీసులు వాడిన రెండు ఇంగ్లీషు అక్షరాలు అవి. నోన్ డెప్రిడేటర్, అంటే దోపిడీలకు పాల్పడతాడని పోలీసులకు తెలిసినవాడు అని అర్థం. ఆ జాబితాలో పేరు ఎక్కిందంటే ఊళ్ళో ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు తట్టేది అతని తలుపే.

అయినా కేడీ కావడానికి ఏదో ఒక కేసో, కనీసం ఒక అనుమానమో ఉండాలి. మన నెల్లూరు జిల్లాలో ఏ కేసూ లేకుండా, ఫలానా కులంలో పుట్టినందుకే పోలీసు రిజిస్టరుకు ఎక్కినవారు ఉండేవారు. ఎరుకలు, యానాదుల్లో కొన్ని వర్గాలు, మరికొన్ని సంచార జాతులు ఆ బాధ పడ్డాయి. వారి పక్షాన నిలబడి జీవితమంతా వెచ్చించిన వకీలు వెన్నెలకంటి రాఘవయ్య. 1897లో పుట్టి 1981లో కన్నుమూసిన ఆయన పేరు జిల్లాలో పాత తరంవారికి బాగా తెలుసు. నేటి కుర్రకారులో చాలామందికి తెలియదు.

రాఘవయ్య బి.ఎల్. చదివి లాయరయ్యారు. గాంధీగారి ఉద్యమం ఆయనను లాగింది. ఆ రోజుల్లో మనవైపు చదువుకున్నవారు చాలామంది ఆ దారినే నడిచారు. ఆయన ప్రత్యేకత ఏమంటే, సభలతోనూ ఖాదీతోనూ ఆగకుండా యానాది గుడిసెల దాకా వెళ్ళడం. వారితో సంఘం కట్టించి, వారి తరఫున అర్జీలు రాసి, అధికారుల చుట్టూ తిరగడం ఆయన నిత్యకృత్యం అయింది.

యానాదుల గురించి నెల్లూరు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. పొలం గట్లలో ఎలుకలను పట్టి పంట కాపాడేది వారే. పాము కరిస్తే, ఒళ్ళు నొప్పి చేస్తే ఆకు పసరు తెచ్చిచ్చేది వారే. చాలా ఊళ్ళలో రాత్రిపూట ఇళ్ళకూ, కళ్ళాలకూ కావలి ఉండేది కూడా యానాదే. తన ధాన్యం రాశికి కాపలా పెట్టుకున్న మనిషిని సర్కారు దొంగల జాతి అని రాసుకుంటుంటే ఆసాములు నోరు మెదపకపోవడం ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కానీ అందులో వింతేమీ లేదు. ఎదురు చెప్పిన కూలివాడిని దారికి తెచ్చుకోవడానికి స్టేషనులో ఒక్క మాట చెబితే చాలు కదా.

ఆ చట్టం పేరు నేరస్త జాతుల చట్టం. తెల్లదొరలు 1871లో మొదట ఉత్తర హిందూస్థానంలో పెట్టారు. 1911లో మద్రాసు రాజధానికి తెచ్చారు. 1924లో అన్నిటినీ కలిపి కొత్తగా రాశారు. ప్రభుత్వం గెజెట్‌లో ఫలానా జాతి నేరస్త జాతి అని ప్రకటిస్తే చాలు, ఇక ఆ జాతివారి పేర్లు రిజిస్టరులో రాసుకోవచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు. పేరెక్కినవారు చెప్పిన వేళకు మునసబు ముందో, స్టేషనులోనో హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే కబురు చెప్పాలి. పెళ్ళికి పొరుగూరు వెళ్ళి, చెప్పడం మరిచిపోతే అదే నేరం. చీకట్లో అనుమానంగా కనబడ్డాడని తేలితే మూడేళ్ళ దాకా జైలు. చట్టం జాబితాలో ఉన్న నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్ళకు తగ్గకుండా, మూడోసారి పడితే ద్వీపాంతరం. అదే నేరం మరొక కులస్తుడు చేస్తే ఇంత కఠినం లేదు.

కొందరిని ఏకంగా సెటిల్‌మెంటులో పెట్టేవారు. మన కావలిలోనూ, బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలోనూ ఉన్నవి అటువంటివే. అమెరికన్ బాప్టిస్టు మిషనువారు వాటిని నడిపారు. బాపట్ల దగ్గర స్టువార్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీవారు నడిపారు. మిషనువారు బడి పెట్టారు, పని నేర్పారు, రోగాలకు మందులిచ్చారు. అది కాదనలేం. కానీ చీటీ లేనిదే గడప దాటలేని చోట ఎంత మేలు జరిగినా అది చెరసాల మేలే.

స్వాతంత్ర్య ఉద్యమంలో జైలుకు వెళ్ళి వచ్చినవారికి ఊరేగింపులు, పూలదండలు. జైలు మొహమే చూడని యానాదికి మాత్రం రాత్రి హాజరు. ఈ తేడా జిల్లాలో అందరి కళ్ళ ఎదుటే జరిగింది. అది పట్టించుకున్నవారు కొద్దిమందే.

రాఘవయ్య లాయరు గనుక చట్టంలో ఉన్న అసలు మెలిక ఆయనకు తెలుసు. కోర్టుకు వెళ్ళి ఒక మనిషి దొంగ కాదని రుజువు చేయవచ్చు. కేసు కొట్టివేయించవచ్చు. కానీ విడుదలై ఇంటికి వచ్చినవాడు మళ్ళీ ఆ రాత్రే హాజరుకు వెళ్ళాలి. ఎందుకంటే ఆ రిజిస్టరు కేసు వల్ల రాసింది కాదు, పుట్టుక వల్ల రాసింది. పోనీ, ఈ జాతిని నేరస్త జాతి అనడమే తప్పని దావా వేద్దామా అంటే, ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టూ అనరాదని చట్టంలోనే రాసిపెట్టారు. ఎంత గొప్ప వకీలైనా ఏం చేయగలడు? అందుకే ఈ పోరు కోర్టు గుమ్మంలో తెగేది కాదు, చట్టాన్నే ఎత్తివేయించాలి అన్న పట్టు పట్టినవారిలో ఆయన ముందున్నారు. తమిళ జిల్లాల్లో కళ్ళర్ల తరఫున ఇటువంటి పోరాటమే సాగింది.

1947లో మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని రద్దు చేసింది. మిగతా దేశం అయిదేళ్ళు ఆగాల్సి వచ్చింది. 1949లో కేంద్ర ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. దాని అధ్యక్షుడు మన తిరుపతి ప్రాంతపు పెద్దమనిషి మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆ సంఘం సిఫారసుల తర్వాత 1952 ఆగస్టు 31న చట్టం దేశమంతటా పోయింది. అందుకే వారిని విముక్త జాతులు అంటున్నాం.

చట్టం పోయినంత మాత్రాన ఊరి కన్ను మారలేదు. రిజిస్టరు మూసినా దొంగ మాట మిగిలింది. పనికి వెళితే నమ్మేవారు లేరు, ఇల్లు వేసుకోవడానికి స్థలం ఇచ్చేవారు లేరు. రాఘవయ్య పని అక్కడితో అయిపోలేదన్నది అందుకే. ఠక్కర్ బాపా 1948లో నెలకొల్పిన భారతీయ ఆదిమజాతి సేవక్ సంఘం పనిలో ఆయన దీర్ఘకాలం ఉన్నారు. గిరిజనులపై పుస్తకాలు రాశారు. యానాదులపై రాసిన పుస్తకం 1962లో, సంచార జాతులపై రాసినది 1968లో, గిరిజన తిరుగుబాట్లపై రాసినది 1971లో వచ్చాయి. అన్నీ ఇంగ్లీషులోనే. ఢిల్లీ పెద్దలు చదవాలని కాబోలు. ఎవరి బతుకు గురించి రాశారో వారికి మాత్రం ఆ పుస్తకాలు అందే వీలు లేదు. 1973లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. పాత చట్టం పోయిన మరుసటి ఏడాదే, 1948లో, మద్రాసులో అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో మరొకటి వచ్చింది. ఇది కులాన్ని బట్టి కాదు, ఒకే మనిషికి పలుసార్లు పడిన శిక్షలను బట్టి. కాగితం మీద తేడా పెద్దదే. కానీ స్టేషనులో కూర్చున్న జమాను పాత అలవాటు కొద్దీ ముందు ఏ గుడిసెల వైపు చూస్తాడో మనకు తెలియనిది కాదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్ళలో కులవివక్షపై ఇచ్చిన తీర్పులో, విముక్త జాతులవారిని వారి పుట్టుకను బట్టి అలవాటు నేరస్తులుగా చూడరాదని చెప్పింది. రాఘవయ్య పోయిన నలభై మూడేళ్ళకు!

ఒకసారి తప్పు చేసి బయటపడిన మనిషికి కూడా ఈనాడు చట్టంలో కొంత దారి ఉంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద కోర్టు జైలుకు పంపకుండా మందలించి గానీ, మంచి నడవడికకు బాండు రాయించుకుని గానీ వదిలిపెడితే, ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అతనికి అంటదని 12వ సెక్షను చెబుతున్నది. ఈ సంగతి తెలియక ఉద్యోగం దరఖాస్తు దగ్గరే వెనక్కి తగ్గేవారు ఉంటారు. అటువంటివారు ముందుగా తమ కేసు తీర్పు నకలు తీసుకుని లాయరుకు చూపించాలి.

లాయరుకు డబ్బు లేదన్న బెంగ అక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, ఆడవారికి, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే లాయరును ఇస్తుంది. యానాదులు, ఎరుకలు మన రాష్ట్రంలో షెడ్యూల్డు తెగలే గనుక కుల ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలి. నెల్లూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. అర్జీ తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. రాయడం రానివారు నోటితో చెబితే అక్కడివారే రాసుకుంటారు.